తలుపు తియ్యని పిచ్చుక

మా పుణేలో పిల్లలు గోరుముద్దలతోపాటు మింగే కథ ఒకటుంది. పేడతో కట్టుకున్న కాకి ఇల్లు వానకి కొట్టుకుపోతుంది. అది వెళ్ళి పిచ్చుక తలుపు తడుతుంది. మైనపు ఇంట్లో వెచ్చగా ఉన్న పిచ్చుకేమో ‘ఆగు, బాళ్‌కి స్నానం’, ‘ఆగు, బాళ్‌కి కాటుక’ అంటూ దాన్ని వానలోనే నిలబెడుతుంది. బాళ్ అంటే మాలో పసిబిడ్డ.

ఈ కథ వింటూ పిల్లలు నిద్రపోతారు. మా ఎదురింటి లిమయే నానాకి మాత్రం డెబ్బై ఏళ్ళొచ్చినా నిద్ర పట్టలేదు. జీవిత సత్యమంతా అందులోనే ఉందని గ్రంథాలయంలో ఉపన్యాసాలిస్తాడు. మైనంతో కట్టుకో, తలుపు తియ్యకు. అదీ ఆయన వేదాంతం.

ఉపన్యాసాలతో ఆగితే నాకేం? మొన్నటి గాలివానకి పల్లెలో ఆయన తమ్ముడి ఇంటికప్పు కూలింది. పాపం ఆ మనిషి తడిసిన సంచీతో వస్తే, నానా కిటికీలోంచే “పేడతో కట్టుకోమని నేను చెప్పానా?” అని పంపేశాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆయన భార్య కుముద్ కాకూ, అంటే మాలో పిన్ని, మాత్రం వీధి మలుపుదాకా ఆ సంచీనే చూస్తూ నిలబడింది.

నిన్న నానా ఉపన్యాసం ముగించుకుని ముద్దగా తడిసి వచ్చాడు. లోపల గడియ పెట్టి ఉంది.

“కుముద్, తలుపు తియ్యి!”

“ఆగండి, బాళ్‌కి నీళ్ళు తోడుతున్నా.”

నానా మొహం వెలిగిపోయింది. “విన్నావా?” అన్నాడు నాతో. “ఇన్నాళ్ళకి మా ఆవిడకి కథ ఒంటబట్టింది!” అని గట్టిగా తుమ్మాడు.

మళ్ళీ తట్టాడు.

“ఆగండి, బాళ్ తల తుడుచుకుంటున్నాడు.”

“భేష్!” అన్నాడు పళ్ళు టకటకలాడుతుంటే. మేడమీదివాళ్ళు చప్పట్లు కొట్టారు. నేను గొడుగిస్తే తీసుకోలేదు. కాకికి గొడుగు లేదట.

“ఆగండి, బాళ్ అటుకుల పోహా తింటున్నాడు. మారు వడ్డించాలి.”

నానా ఉలిక్కిపడ్డాడు. “కథలో పోహా లేదే!”

“కథలో లేదు. ఇంట్లో ఉంది.”

వాన ఇంకా పెరిగింది. నానా గొంతులో ఉపన్యాసం పోయింది. “కుముద్, చలేస్తోందే. నిజంగా చలేస్తోంది.”

“ఎవరికైనా వేస్తుందండీ.”

గడియ చప్పుడైంది. తలుపు తీసింది కాకూ కాదు. నానా లాల్చీ తొడుక్కుని, నెత్తిన నానా తువ్వాలు చుట్టుకుని, తమ్ముడు. అరవై దాటినా ఆయన్ని ఇంట్లో పుట్టినప్పటి ముద్దుపేరుతోనే పిలుస్తారు. బాళ్.

“రా అన్నయ్యా,” అన్నాడు బాళ్, పక్కకి జరిగి దారిస్తూ. “నీక్కూడా వేణ్ణీళ్ళు ఉంచాను.”