పన్నెండో రోజుకు వేటబూట్లు

దేశం ఉత్తరాన ఉన్న మౌంట్ రాస్కిల్ నుంచి విమానమెక్కి వచ్చిన అనంతలక్ష్మి ఆంటీ సూట్‌కేసులోంచి దానాల సంచీ తీసి, హాల్లో కార్పెట్ మీద ఒక్కొక్కటే పరిచింది. చిన్న గొడుగు, చేతికర్ర, స్టీలు చెంబు, దుప్పటి, చివరగా ఒక జత నీలం రంగు రబ్బరు చెప్పులు. అప్పటిదాకా గోడకు ఆనుకుని ఉలుకూ పలుకూ లేకుండా కూర్చున్న ఆశాజ్యోతి ఆ చెప్పులు చూసి తలెత్తింది.

"ఇవెవరికి ఆంటీ?"

"ఎవరికేమిటే పిచ్చిదానా, రవికే. పోయినవాళ్ళు ఏడాది పొడుగునా నడవాలిట. రాళ్ళూ ముళ్ళూ, వణికించే చలిగాలీ, మధ్యలో ఆ వైతరణి. పన్నెండో రోజున పంతులుగారికి చెప్పులు దానమిస్తే అక్కడ వాడి కాళ్ళకు అందుతాయంటారు. మా పక్కనే శాండ్రింగ్‌హామ్‌లో మనవాళ్ళ కొట్లో అన్నీ కలిపి సెట్టుగా అమ్ముతున్నారు, పట్టుకొచ్చా."

"హవాయి చెప్పులేసుకుని అంత చలిలో నడుస్తాడా?"

ఆంటీ ఆ చెప్పుల్ని దుప్పటి పక్కకు జరిపింది. ఏం చెబుతుంది పాపం! రవిచంద్ర ఎలా పోయాడో ఆ ఇంట్లో అడుగుపెట్టిన ప్రతివాళ్ళకూ తెలుసు.

ప్రొద్దుటూరు నుంచి పాలిటెక్నిక్‌లో చదువుకోవడానికి దేశం దక్షిణపు కొసనున్న ఇన్వర్‌కార్గిల్ వచ్చి, ఆ ఊరి పాల ఫ్యాక్టరీలోనే ఉద్యోగం దొరికి సెటిల్ అయిపోయినవాడు ఆశ మొగుడు రవి. తోటి కివీలతో, అంటే ఆ దేశపువాళ్ళతో, తిరిగి తిరిగి జింకల వేట మరిగాడు. ఈ చలికాలం వేటకు వెళ్ళి, సాయంత్రం తడిమంచు పడుతుంటే మిగతావాళ్ళ నుంచి విడిపోయాడు. దాటింది పెద్ద ఏరేమీ కాదు, పాదం మునిగేంత వాగులు. కోటు పొడిగానే ఉందట. బూట్లు మాత్రం పిండితే నీళ్ళు కారాయట. కాళ్ళు మొద్దుబారి, ఇక నడవలేక ఒక చెట్టు మొదట్లో కూర్చుండిపోయాడు. పొద్దున వెతకడానికి వెళ్ళినవాళ్ళకు అలాగే కనిపించాడు.

"నేను మంచి బూట్లు కొనుక్కొస్తా," అని లేచింది ఆశ.

"వేటగాళ్ళ బూట్లా? దానానికా? ఎవరైనా వింటే నవ్విపోతారే అమ్మాయ్!"

"నవ్వితే నవ్వనీండి ఆంటీ. చలికి పోయిన మనిషిని మళ్ళీ చలిలోకే పంపిస్తూ రబ్బరు చెప్పులిచ్చి పంపమంటారా? నా వల్ల కాదు."

కారు తాళాలు తీసుకుని వెళ్ళిపోయింది. ఆంటీ ఆ నీలం చెప్పుల్ని మళ్ళీ సంచీలో పెట్టేసి, మూతి ముడుచుకుని వంటింట్లోకి నడిచింది.

దారిపొడుగునా ఆశకు తన పంతమే గుర్తొచ్చింది. రవి మొదటిసారి జింకను చంపి వచ్చినప్పుడు ఎంత గొడవ చేసిందని! చీమను కూడా తొక్కని ఇంట్లో పుట్టినదాన్ని, నన్నెందుకు కట్టుకున్నావు, అంటూ ఇల్లు పీకి పందిరేసింది. ఆ తర్వాత నెలల తరబడి అతనితో మాటల్లేవు. అన్నం పెట్టేది, కంచం తీసేది, అంతే. మొగుడూ పెళ్ళాల మధ్య మాటలు లేకపోతే ఆ ఇల్లు ఎలా ఉంటుందో పడ్డవాళ్ళకే తెలియాలి. చివరికి ఒకరోజు, వేట నుంచి వచ్చి గరాజ్‌లో అలసిపోయి కూర్చున్న అతని కాళ్ళ దగ్గర బురదా రక్తమూ కొట్టుకుపోయిన బూట్లు చూసి ఆమె ఉండబట్టలేకపోయింది. మాట్లాడకుండానే వాటిని తీసుకెళ్ళి, బకెట్‌లో వేడినీళ్ళు పోసి, బట్టల సబ్బుపొడి వేసి, బ్రష్షుతో అరగంట రుద్దింది. పసుపు నీళ్ళతో కడిగింది. హీటర్ ముందు పెట్టి కరకరలాడేదాకా ఆరబెట్టింది.

"చూడు, ఇప్పుడు మనుషుల బూట్లలా ఉన్నాయి," అంది. అన్ని నెలల తర్వాత అవే మొదటి మాటలు.

రవి వాటిని చేతుల్లోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, "పెళ్ళికొడుకు బూట్లలా ఉన్నాయే," అని నవ్వాడు. అప్పటి నుంచి వేట నుంచి వచ్చిన ప్రతిసారీ బూట్లు కడగడం ఆమె పని. వేటకు ఒప్పుకోలేదు, అలాగని మొగుణ్ణి వదులుకోనూ లేదు. ఆ పాపమేదో తన చేత్తో కడిగేస్తున్నానన్న తృప్తి. ఇప్పుడు ఆమెకు మిగిలిన ఊరట కూడా అదొక్కటే. ఎంత పోట్లాడినా, వాడికి నా చేతనైన సేవ నేను చేశాను, అనుకుంటుంది.

వేట సామాన్ల షాపులో బూట్ల వైపు ఉండే గ్రాహమ్ అరవై దాటిన మనిషి. కూతురి దగ్గరికి ఆస్ట్రేలియా వెళ్ళి ముందురోజే తిరిగొచ్చాడు. చీర మీద జాకెట్ వేసుకుని, నిద్రలేని కళ్ళతో వచ్చిన ఈమెను చూసి కుర్చీ వేశాడు.

"మా ఆయనకు బూట్లు కావాలి. వెచ్చగా ఉండాలి. నీళ్ళు ఒక్క చుక్క లోపలికి దిగకూడదు. తొమ్మిదో సైజు," అంది ఆశ.

"ఆయన్నే తీసుకొస్తే బాగుండేదమ్మా. ఒకరి కాలికి ఇంకొకరు బూట్లు ఎంచడం కష్టం."

"రాలేడు."

గ్రాహమ్ తల ఊపాడు. "సరే, ఎలాంటి చోటికి వెళ్తున్నాడు?"

"రాళ్ళూ ముళ్ళూ ఉంటాయిట. చలిగాలి బాగా ఉంటుందిట. మధ్యలో ఒక నది కూడా దాటాలి."

"ఎన్నాళ్ళు నడుస్తాడు?"

"ఏడాది."

గ్రాహమ్ కళ్ళజోడు పైకి నెట్టుకున్నాడు. "ఏడాదే! గట్టి మనిషే. ఎటువైపు?"

"దక్షిణానికి."

"ఇక్కణ్ణుంచి ఇంకా దక్షిణానికా? ఇక అటు ఉన్నదంతా సముద్రమేగా అమ్మా!"

ఆశ తల దించుకుంది. ముసలాయన తమాషాగా నవ్వబోయి, ఎందుకో ఆగి, లోపలికి వెళ్ళి మూడు జతలు తెచ్చాడు. ఒకటి తేలిక, గుడ్డతో చేసింది, కానీ ముళ్ళకు చిరిగిపోతుందని తనే పక్కన పెట్టేశాడు. రెండోదాని లోపల దట్టమైన వెచ్చని పొర ఉంది, కానీ ఎక్కువ నడిస్తే లోపల చెమట పట్టి ఆ తడికే కాలు చల్లబడుతుందన్నాడు. మూడోది మందపాటి తోలు. కుట్లు తక్కువ, మెడ ఎత్తు, లేసుల కింది తోలు నాలుక రెండువైపులా కలిపి కుట్టేసి ఉంది, నీళ్ళు దూరే సందే లేదు.

"రెండు జతల సాక్సులేసుకుంటాడు, ఒక సైజు పెద్దది ఇవ్వనా?" అని తనే అడిగి తనే తల అడ్డంగా తిప్పాడు. "వద్దు. వదులైతే మడమ ఒరుసుకుపోతుంది, బిగువైతే రక్తం ఆడదు. ఒక్క మందపాటి ఉన్ని సాక్సు చాలు."

ఆశ ఆ తోలు బూటును ఒళ్ళో పెట్టుకుని లోపల చెయ్యి పెట్టి చూసింది. చేతికి వెచ్చగా తగిలింది. "ఇవే ఇవ్వండి," అంది.

"మంచివి ఎంచావు. సరిగ్గా చూసుకుంటే పదేళ్ళు నీళ్ళు రానివ్వవు. ఆయనకు ఒక్క మాట చెప్పు. సబ్బు తగలనివ్వొద్దు. హీటర్ ముందు పెట్టొద్దు. సబ్బు తోలులో ఉన్న మైనాన్ని లాగేస్తుంది, వేడికి తోలు పగిలిపోతుంది. పైకి తళతళలాడుతూనే ఉంటాయి, లోపలికి మాత్రం నీళ్ళు దిగిపోతాయి."

ఆశ చేతులు బూటు మీదే ఆగిపోయాయి.

గ్రాహమ్ తన ధోరణిలో చెప్పుకుపోతున్నాడు. "మీ ఇండియా అబ్బాయే ఒకడున్నాడులే, పాల ఫ్యాక్టరీలో. వేటకు వెళ్ళొచ్చిన ప్రతిసారీ మైనం డబ్బా కోసం వస్తాడు. ఏమయ్యా, తింటున్నావా ఏంటి, అన్నాను ఒకసారి. మా ఆవిడ బూట్లు సబ్బుతో కడిగేస్తుంది, ఆవిడ చూడకుండా నేను మళ్ళీ మైనం పూసుకుంటా, అన్నాడు. వద్దని చెప్పొచ్చు కదా, బూట్లు పాడైపోతున్నాయి, అన్నాను. ఏమన్నాడో తెలుసా? ఈ వేట గొడవలో మా ఆవిడ నాతో మాట్లాడటం మానేసింది, ఈ బూట్లు కడుగుతూనే మళ్ళీ మాట్లాడింది, బూట్లు పోతే ఇంకో జత కొనుక్కుంటా, అన్నాడు. తోలు ఎప్పుడో చచ్చిపోయింది, ఈ చలికాలానికి కొత్తవి కొనుక్కో, అని గట్టిగా చెప్పాను. సరే వస్తానన్నాడు. ఇంకా రాలేదు."

అయ్యో, ఆ పెద్దాయన ఏ నోటితో అన్నాడో కానీ, ఒక్కొక్క మాటా ఆమె గుండెలో దిగబడిపోయింది. తను కడిగింది పాపాన్ని కాదు. తన చేత్తో తనే, నవ్వుతూ, మురిసిపోతూ, రవి ప్రాణానికి రక్షగా ఉన్న ఒక్క పొరనూ రుద్ది రుద్ది తీసేసింది. వాడు చూస్తూ ఊరుకున్నాడు. నువ్వు చేసేది తప్పే అని ఒక్క మాటంటే పోయేదేముంది? ఛీ, ఏం మనిషివి రవీ, అని అరవాలనిపించింది.

"ఈ బూట్లు అతనికేనండీ," అంది ఒళ్ళోని బూటును పట్టుకుని.

గ్రాహమ్‌కు మొదట అర్థం కాలేదు. ఆమె మెల్లగా చెప్పింది, మంచు, వాగులు, చెట్టు మొదలు, పన్నెండో రోజు. వింటూ వింటూ ఆయన ఎదురుగా నేల మీదే కూర్చుండిపోయాడు. తర్వాత గుడ్డముక్క తెచ్చి, మైనం ఎలా పూయాలో చూపించాడు. కుట్ల వెంట వేలితో ఎక్కించాలి, తోలు తాగేదాకా ఆగాలి, మళ్ళీ పూయాలి.

ఇంటికొచ్చాక ఆశ నేరుగా గరాజ్‌లోకి వెళ్ళి వెతికింది. పెయింట్ డబ్బాల వెనక, పాత బనీను ముక్కలో చుట్టి, సగం వాడిన మైనం డబ్బా దొరికింది. మైనంలో రవి వేళ్ళ గాట్లు అలాగే ఉన్నాయి. ఆ గాట్లలోంచే వేలితో తీసి, బూట్లు రెండూ ఒళ్ళో పెట్టుకుని సాయంత్రందాకా పూస్తూనే ఉంది. ఆంటీ రెండుసార్లు కాఫీ తెచ్చి పెట్టింది, రెండూ చల్లారిపోయాయి.

పంతులుగారు మహిధర శర్మ ఉండేది ఆంటీ వాళ్ళ వైపు హాబ్సన్‌విల్‌లో, పన్నెండో రోజుకని విమానంలో వచ్చాడు. వారమంతా కంప్యూటర్ ఉద్యోగం, పిలిచినచోట పౌరోహిత్యం. రవికి పిల్లల్లేరు, అన్నదమ్ములు దగ్గర లేరు కనుక ఆశ చేతనే అన్నీ చేయించాడు. దానాల వరసలో గొడుగూ కర్రా చెంబూ దుప్పటీ పక్కన ఎత్తైన తోలు బూట్లు చూసి కనుబొమలెగరేశాడు గానీ, ఆమె ముఖం చూసి వాటినీ వరసలో సర్దాడు.

ఆంటీయే ముందుకొచ్చింది. "ఆశా, తోలుదే అది. కాస్త పసుపు నీళ్ళతో కడిగి పెట్టనా?"

"వద్దు!"

ఆ కేకకు ఆంటీ వెనక్కి తగ్గింది. "సరేలేవే తల్లీ, ముట్టుకోను," అంది బెదిరిపోయి.

పంతులుగారు మంత్రం చదువుతూ మామిడాకుతో నీళ్ళు తీసుకుని వస్తువుల మీద చల్లబోయాడు. ఆశ గబుక్కున వంగి, రెండు చేతులూ బూట్ల మీద కప్పేసింది.

"వాటి మీద నీళ్ళు చల్లకండి పంతులుగారూ. మీకు దణ్ణం పెడతాను."

"చుక్క చల్లకపోతే దానం చెల్లదమ్మా," అన్నాడాయన జాలిగా. "ఒకే ఒక్క చుక్క."

ఆమె ఒక్కొక్క చెయ్యే తీసింది. నీటిచుక్క బూటు ముందుభాగం మీద పడి, గుండ్రంగా నిలిచి, కదిలి, పక్కకు జారి కార్పెట్ మీద పడిపోయింది. బూటు మీద తడి జాడే లేదు. ఆశ వేలితో అక్కడ తడిమి చూసింది. పొడిగా ఉంది.

దానం పుచ్చుకున్నవాళ్ళు తొడుక్కుని నాలుగడుగులు నడవాలన్నది ఆనవాయితీ. శర్మ పాదాలు చిన్నవి, బూట్లు వదులు. అయినా లేసులు బిగించుకుని పెరటి తలుపు తీసి, మంచు తెల్లగా పేరుకున్న గడ్డి మీదికి దిగి, ఎవరూ చెప్పకుండానే దక్షిణం వైపు తిరిగి నడిచాడు. గడ్డి కరకరమంది.

ఆశ గడప పట్టుకుని నిలబడింది. ఇన్ని రోజులుగా రాని ఏడుపు అప్పుడొచ్చింది.

"ఈసారి నేను కడగలేదు రవీ," అంది. "నడువు."