వందకు ముప్పై ఎనిమిది కాయలు

ఎమ్మిగనూరు దగ్గర ఒక పత్తి పరిశోధన కేంద్రంలో రూత్, నేనూ ఒకే రోజు ఉద్యోగంలో చేరినాము. ఆమెది సి.బెళగల్, కూలికి పోయే ఇంటి పిల్ల. నేను ఆదోనిలో పెద్ద బడిలో చదివినదాన్ని. అయినా రైతులు నేరుగా ఆమె బల్ల దగ్గరికే పోతారు. "ఇందు మేడం, రూత్ మేడం యాడ?" అని నన్నే అడుగుతారు. అట్లా అడిగినప్పుడల్లా నాకు కడుపు మండేది.

పోయినేడు ఒక నాయకుని అల్లుడి కంపెనీ కొత్త పత్తి విత్తనం పరీక్షకు వచ్చింది. రూత్ పెద్దకడుబూరు చేలల్లో కాయలు చీల్చి చూసింది. వందకు ముప్పై ఎనిమిది కాయల్లో గులాబీ పురుగుంది. మా పెద్దసారు ఉచ్చీరప్ప ఆమెను పిలిపించినాడు.

"పైనుంచి ఒత్తిడి ఉందమ్మా. ఎనిమిది అని రాయి."

"నేను చూసింది ముప్పై ఎనిమిది సార్," అనింది రూత్.

వారంలోపల ఆమెను శ్రీకాకుళం వైపు బదిలీ చేసినారు. ఎనిమిది అని రాసిన నివేదిక నా ముందుకొచ్చింది. ఆమె కుర్చీ నాకొస్తుందని సంతకం పెట్టినాను. కుర్చీ వచ్చింది. రైతులు మాత్రం శ్రీకాకుళానికే ఫోన్లు చేస్తాండిరి.

ఈ ఏడు పత్తి పగిలే కాలంలో పెద్దకడుబూరు రైతు లక్ష్మప్ప వచ్చి, సంచిలోని కాయలు నా బల్ల మీద పోసినాడు. అన్నీ పురుగు తొలిచినవే.

"నీ చేనివా అన్నా?"

"కాదు మేడం. రూత్ మేడం పోయేటప్పుడే ఈ విత్తనం వద్దని నాకు సెప్పింది. ఇవి మా చెల్లెలు తిమ్మక్క చేనివి. నేను సెప్పినా ఇనకుండా మీ ఆఫీసు కాగితం నమ్మి ఏసింది."

ఒకామె పంట పోయిందని వింటా కూడా, ఈయప్పా రూత్ మాటే విన్నాడే అని ముందు నాకు తోచింది. ఆ తర్వాత సిగ్గేసింది.

రూత్‌కు ఫోన్ చేసి, ఆమె కాయల లెక్క రాసుకున్న పాత నోటుబుక్కు కావాలన్నాను.

"నీ బీరువాలోనే ఉంది," అనింది. "నువ్వు చూసింటావనుకున్నా."

ఆ పుటలు జతచేసి, నేను పెట్టింది తప్పుడు సంతకమని పైఅధికారులకు రాసినాను. విచారణ జరిగింది. ఆ విత్తనం అమ్మకం ఆపినారు. నన్ను ఆ కుర్చీ నుంచి తీసేసినారు. రూత్‌ను మాత్రం వెనక్కి పిలవలేదు.

తిమ్మక్క చేనికి పోయి, తప్పు నాదేనని చెప్పుకున్నాను. ఆమె పత్తికట్టె పీకుతా తలెత్తలేదు.

"ఆ మేడం అయితే ఇట్లా రాసిండదు," అనింది.

అవునన్నాను. ఆ ఒక్క మాట అనడానికి నాకు చానా కష్టమైంది.