ఏడు పేర్లు, పన్నెండు మాటలు

కొండల మధ్య కోచ్‌కోర్ ఊళ్లో ఆ ఉదయం కూడా బురుల్కాన్ వాళ్ల వాకిట్లో ఆడవాళ్లు కంబళ్ల కోసం ఉన్నిమీద వేడినీళ్లు చల్లి, చాపలో చుట్టి, కాళ్లతో తన్ని దొర్లిస్తున్నారు. నోళ్లు ఖాళీగా ఉంటేగా!

నిజంగానే ఖాళీగా ఉండవు. అక్కడ కోడళ్లు అత్తింటి పెద్దల పేర్లు పలకకూడదు, మింగేయాలి. మింగిన ప్రతి పేరూ నాలుక కింద గులకరాయి అవుతుంది. పైకి అంటే కరిగిపోతుంది. పళ్ల డాక్టరమ్మ ముందు "ఎన్ని?" అని అడిగాకే నోరు తెరవమంటుంది. బురుల్కాన్‌కి ఏడు. వాళ్ల అత్తకి పద్నాలుగు. ఆవిడ మాట్లాడితే రాళ్ల చప్పుడే ముందు వినిపిస్తుంది.

"ఆ క్రిప్టో అంటే నోట్లా, నాణేలా?" అంది పక్కింటి సైరా. కంబళ్లు కొన్న విదేశీయులు డబ్బు అలాగే పంపారు మరి.

"రెండూ కాదు వదినా," అంది బురుల్కాన్. " ఎవరు ఎవరికి ఎంత పంపారో వేల కంప్యూటర్లు ఒకేలా రాసుకుంటాయి. మధ్యలో బ్యాంకు లేదు."

"మొగుడు?"

"వాడూ లేడు."

నవ్వులు రేగాయి. మడమలు మరింత గట్టిగా పడ్డాయి.

"అదున్న ఫోన్ పోతేనో?" అంది అత్త, రాళ్లు కటకటలాడించుకుంటూ.

"పోనీ అత్తయ్యా. పన్నెండు మాటలుంటాయి, వరసగా. అవి ఎవరికి తెలిస్తే డబ్బు వాళ్లది. మర్చిపోయామా, ఏ ఆఫీసు ముందు ఏడ్చినా రాదు. ధర కూడా ఇవాళ ఉన్నట్టు రేపు ఉండదు. అందుకే వచ్చే వారమే మామూలు డబ్బుగా మార్చేసి ఉన్ని ఏకే యంత్రం కొనేద్దాం."

"ఎక్కడ రాసిపెట్టావే?"

"రాయలేదు, మింగాను. మాటలు మింగడం మనకి కొత్తా?"

గేటు అవతల అంతా విన్న బావగారు షామ్‌బెత్ అప్పుడే తోసుకుని లోపలికి వచ్చాడు. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు.

"బిష్కెక్ పట్నంలో ఒకతను నెలకి రెట్టింపు చేసిస్తాడట. ఆ పన్నెండు మాటలు చెప్పు."

"వాడికి రెట్టింపు చేయడం వస్తే, నా డబ్బుతో వాడికేం పని బావగారూ?"

"నోరు లేస్తోందే! చెప్తావా, ఈ చెత్తంతా నా వాకిట్లోంచి ఊడ్పించనా?"

చెప్తే మాటలు కరిగి అతనివవుతాయి. యంత్రం లేదు. చెప్పకపోతే చోటు లేదు. ఆడవాళ్లు కాళ్లు ఆపేశారు.

"చెప్పు, గట్టిగా!"

బురుల్కాన్ గట్టిగానే అంది. "షామ్‌బెత్."

నాలుక కింద ఒక రాయి కరిగింది. మామగారి పేరు, ఆయన తమ్ముళ్ల పేర్లు, మొత్తం ఏడూ ఒక్కొక్కటే వరసపెట్టి పిలిచింది. పన్నెండు మాటలు మాత్రం ఉన్నచోటే ఉన్నాయి. పేరు పెట్టి పిలిచేసరికి ఎదురుగా ఉన్నది నలభై ఆరేళ్ల మనిషి, అంతే. చెప్పుల్లో మేజోడు చిరిగి బొటనవేలు కనపడుతోంది.

"అమ్మా, విన్నావా దీని తెగింపు!"

అత్త మునివేళ్లతో దవడ నొక్కుకుంది. యాభై ఏళ్లుగా పైకి అనని పేర్లన్నీ, పోయిన తన మామగారితో మొదలుపెట్టి, పద్నాలుగూ పలికింది. తర్వాత ఒక్క రాయి చప్పుడు కూడా లేకుండా, పెళ్లికి ముందు పుట్టింటివాళ్లు మాత్రమే విన్న గొంతుతో అంది.

"ఈ వాకిలి కాగితాలు నా పేరున ఉన్నాయి నాయనా. నువ్వెప్పుడూ అడగలేదు. జరుగు, దొర్లించాలి."