పలకల కింద మనవాళ్లు

మా పెద్దక్క మిట్టమధ్యాహ్నం సోలార్ పలకల వరసల మధ్య కుప్పకూలింది. మేము పరుగెత్తుకెళ్లేసరికి పెదాలు నల్లబడ్డాయి. పక్కనే ట్యాంకరు నిండా నీళ్లున్నాయి. అవి పలకలు కడగడానికి. మనుషులు తాగకూడదు.

మేస్త్రీ వచ్చాడు. నాడి కూడా చూడలేదు.

"ముందు ఈవిణ్ణి కంచె బయట పెట్టండి. రేపు మంత్రిగారొస్తున్నారు."

అతని మనుషులు ఆమెను మూటలా మోసుకెళ్లి రోడ్డు పక్కన దించారు. ప్రాణం అక్కడే పోయింది. "పనిలో పోలేదు, దారిలో పోయింది" అని మేస్త్రీ చాటింపు వేశాడు.

ఫ్యాక్టరీల్లో చెమటోడ్చేవాళ్లు, కాలేజీల్లో చదివేవాళ్లు మీరంతా ఆ పలకల కింది నేల సంగతి వినాలి. అది మా శ్మశానం. హరిత అభివృద్ధి విధానం వచ్చింది. సర్కారు దాన్ని బంజరని కంపెనీకి రాసిచ్చింది. బుల్డోజర్లు సమాధులు చదును చేశాయి. తర్వాత ఆ పలకలు కడిగే కూలి మాకే ఇచ్చారు.

అక్కడ మేము గొంతు తగ్గించి మాట్లాడుకునేవాళ్లం. "మెల్లగా నడవండే, కింద అమ్మ పడుకుంది" అనేది మా చెల్లెలు. పలక తుడుస్తుంటే అందులో నా మొహం కనిపించేది. ఒక్కోసారి అది నాది కాదు, చనిపోయిన మా అత్తది. వెనక్కి తిరిగితే ఎండ తప్ప ఏమీ ఉండేది కాదు.

ఆ సాయంత్రం శవం చుట్టూ అందరం చేరాం.

"ఆ పలకల మధ్య వద్దు, ఇంకెక్కడైనా పూడుద్దాం పిన్నీ. ఉన్న పని కూడా పోతుంది" అన్నాడు పెద్దక్క కొడుకు.

మా చెల్లెలు భగ్గుమంది. "పనికి లోపల, చావుకి బయటా? మా నాన్న పక్కన పడుకునే దిక్కు కూడా లేదురా మీ అమ్మకి?"

"దేశం కోసమంటున్నారు కదమ్మా. భూమి చల్లబడుతుందంట" అన్నాడొక ముసలాయన.

"ఎండ కరెంటు మంచిదే తాతా. ఆ మంచి పేరు చెప్పి మన నోట్లో మన్ను కొట్టడమే చెడ్డది" అంది చెల్లెలు.

పెద్దక్క కొడుకు లేచి పార తెచ్చుకున్నాడు.

తెల్లవారి ఊరంతా పారలు పట్టుకుని కదిలింది. ముందు శవం, వెనక మేము. గేటు కావలివాడి తండ్రి కూడా ఆ పలకల కిందే ఉన్నాడు. అతను తలుపు తీసి, టోపీ నేలమీద పెట్టి మాలో కలిశాడు.

పోలీసు అధికారి అడ్డొచ్చాడు. "ఇది జాతీయ పథకం. ఇక్కడ శ్మశానమెక్కడుంది? రికార్డుల్లో బంజరు!"

పెద్దక్క కొడుకు పార దించాడు. దూరంగా మైకులో మంత్రి కాలుష్యం లేని రేపటి గురించి చెబుతున్నాడు. రెండు పలకల మధ్య గుంత లోతవుతోంది. ఉన్నట్టుండి పార ఆగింది. మట్టిలోంచి ఒక చేతి ఎముక బయటపడింది, వేళ్లు ముడుచుకుని.

చెల్లెలు దాన్ని కొంగులోకి తీసుకుని అధికారి ముందు నిలబడింది.

"బంజరన్నారుగా సార్. ఇది ఎవరి చెయ్యి?"

అతను చూపు తిప్పుకుని లాఠీ ఎత్తమన్నాడు. దెబ్బలు పడుతూనే ఉన్నాయి, పారలు ఆడుతూనే ఉన్నాయి. పెద్దక్కను మట్టిలో కప్పాకే చెల్లెల్నీ పెద్దక్క కొడుకునీ పోలీసులు వ్యాను ఎక్కించగలిగారు.

"పనికి లోపల, చావుకి బయటా?" వ్యానులోంచి చెల్లెలు అరిచింది. ఊరు మొత్తం అందుకుంది.

మర్నాడు మేస్త్రీ తుడుపు కర్రలు వరసగా పేర్చి ఎదురుచూశాడు. మేము వెళ్లాం, కానీ గేటు దగ్గరే కూర్చున్నాం. గాలి లేచింది. కొత్తగా తవ్విన ఆ మట్టి, మావాళ్ల మట్టి, పలకల మీద సన్నగా పరుచుకుంటూ పోయింది. తుడవడానికి ఒక్క చెయ్యీ లేవలేదు.