ఆరువందల యాభై వాట్ల వెచ్చదనం

సత్తెనపల్లిలోని ఓ పాత నాటక మందిరంలో లైట్ల పనంతా ఫెబాదే. ఐటీఐలో ఎలక్ట్రికల్ చదివి, పెళ్లిళ్లకు సీరియల్ సెట్లు కట్టడంతో మొదలుపెట్టి, ఆరేళ్లుగా నాటకాలకు లైట్లు వేస్తోంది. మార్చిలో నాటక పోటీలనగా పాత లైట్ల బల్బులు ఒక్కొక్కటిగా అన్నీ మాడిపోతే, మందిరం కార్యదర్శి శివరామకృష్ణగారితో తనే అంది.

"ఎన్నిసార్లని బల్బులు మారుస్తామండీ? ముందు వరస నాలుగూ ఎల్ఈడీలు పెట్టేద్దాం. వేడి ఉండదు, కరెంటూ తక్కువ."

ఆయన సరేనన్నారు.

కొత్త లైట్లతో తొలి రిహార్సల్ ఆదివారం మధ్యాహ్నం జరిగింది. రాణి వేషం వెంకటరావమ్మది. అరవై ఎనిమిదేళ్ల మనిషి. ఆమె పద్యం ఎత్తుకుంటే పక్క కల్లంలో మిరపకాయలు ఏరే ఆడవాళ్లు కూడా చేతులాపి వింటారు. ఎడమ తెర చాటు నుంచి నడిచొచ్చి, నడిమధ్య వెలుగులో ఆగి పద్యం అందుకోవాలి. ఆ రోజు ఆమె వెలుగులోకి వచ్చింది గానీ ఆగలేదు. అలాగే ముందుకు నడిచింది. స్టేజీ అంచు ఇక రెండడుగులే ఉందనగా, ఫెబా "అమ్మా, ఆగండి" అని కేకేసింది.

వెంకటరావమ్మ ఆగింది. "పద్యం ధ్యాసలో పడ్డానే అమ్మాయ్" అని నవ్వింది. ఆ నవ్వులో వణుకు ఫెబాకు తెలిసింది.

శివరామకృష్ణగారు ఫెబాను పక్కకు పిలిచారు. "పెద్దావిడకు వయసు మీదపడింది. వేషం ఇంకొకరికి ఇద్దామా అనిపిస్తోందమ్మా. నువ్వేమంటావ్?"

"రెండ్రోజులు ఆగండి సార్" అంది ఫెబా.

మేకప్ గదిలో వెంకటరావమ్మ ఒంటరిగా కూర్చుని పటికబెల్లం చప్పరిస్తోంది. ఫెబా ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చుంది.

"కళ్లు ఎప్పటి నుంచి కనపడ్డం లేదమ్మా?"

ఆమె పటికబెల్లం ముక్కను బుగ్గన పెట్టుకుంది. తర్వాత మెల్లిగా చెప్పింది.

"రెండేళ్లయింది. నీటికాసులన్నారు. పక్కలు చీకటి, ఎదురుగా మసక. స్టేజీ మీద మాత్రం ఇబ్బంది లేదు. నీ లైటు కిందికి రాగానే ఎండలోకి వచ్చినట్టు బుగ్గ వెచ్చబడేది. అక్కడ ఆగేదాన్ని. ఇయాళ ఆ వెచ్చదనం ఎక్కడా తగల్లేదు. ఇంకా రాలేదేమో అనుకుని నడిచా."

ఫెబాకు తన మాటే గుర్తొచ్చింది. వేడి ఉండదని గొప్పగా చెప్పింది తనే.

"నడిమధ్య లైటు పాతదే పెడతానమ్మా. కానీ ఒక మాట. మీతో నటించేవాళ్లకీ, శివరామకృష్ణగారికీ కళ్ల సంగతి మీరే చెప్పాలి. పడిపోతే నేను తట్టుకోలేను."

"చెబితే వేషం తీసేస్తారే."

"తియ్యనివ్వను."

మర్నాడు పొద్దున ఫెబా మాడిన బల్బొకటి గుడ్డలో చుట్టుకుని గుంటూరు బస్సెక్కింది. ఈ సరుకు తెలిసిన కొట్టు అక్కడ ఒకటే ఉంది. దాని యజమాని రామచంద్రమూర్తిగారు బల్బు అడుగున సగం చెరిగిన అంకెలను భూతద్దంతో చదివారు.

"ఆరువందల యాభై వాట్లు, రెండు పిన్నులది."

"వెయ్యి వాట్లది ఇవ్వండి బాబాయిగారూ. నాకు వేడి బాగా కావాలి."

ఆయన భూతద్దం దించి ఆమె ముఖంలోకి చూశారు. "వేడి వద్దనేవాళ్లే వస్తారమ్మా నా దగ్గరికి. వెయ్యి పెడితే హోల్డరు కరుగుతుంది, వైరు కాలుతుంది. నీకెందుకంత వేడి?"

ఫెబా ఉన్నదున్నట్టు చెప్పింది. ఆయన లోపలికెళ్లి రెండు అట్టపెట్టెలు తెచ్చారు. రెండూ ఆరువందల యాభై వాట్లవే, పిన్నులూ ఒకేలా ఉన్నాయి. మాడిన బల్బు పక్కన వాటిని నిలబెట్టారు.

"లోపల వెలిగే తీగ చూడు. ఒకదాంట్లో కాస్త పైకుంది. అది పెడితే తీగ లైటులోని అద్దానికి ఎదురుగా రాదు, వెలుగు చెదిరిపోతుంది. వెలుగు చెదిరితే వేడీ చెదురుతుంది. పాతదాని ఎత్తుకు సరిపోయింది ఇదిగో, ఇది. ఇంకా వేడి కావాలంటే లైటునే కిందికి దించు."

సాయంత్రం మందిరంలో ఫెబా లైటు వేలాడే గడ మూడడుగులు దించి కట్టింది. బల్బు పెట్టెలోంచి తీస్తుంటే వెంకటరావమ్మ చెయ్యి చాపింది.

"ఇన్నేళ్లు దీని కింద నిలబడ్డా. ఒక్కసారి పట్టుకోనీ."

"వేళ్ల జిడ్డు అంటితే గాజు పగులుతుందమ్మా." ఫెబా ఆమె అరచేతిలో మెత్తటి నూలుగుడ్డ పరిచి, దాని మీద బల్బు పెట్టింది.

"పిట్ట పిల్లంత లేదు కదే" అంది వెంకటరావమ్మ.

బల్బు బిగించి లైటు వేసింది ఫెబా. వెంకటరావమ్మ ఎడమ తెర చాటు నుంచి ఒక్కో అడుగూ వేస్తూ వచ్చింది. వెలుగు అంచులో పాదం పెట్టింది, ఇంకో రెండడుగులు నడిచింది, గడ్డం కాస్త ఎత్తి ఆగింది. సరిగ్గా నడిమధ్య. ఆమె ముఖం మీద పసుపు రంగు వెలుగు, మూసుకున్న కళ్లు.

"ఇక్కడే కదూ?"

"అక్కడేనమ్మా."

ఆ రాత్రికే ఆమె అందరికీ విషయం చెప్పింది. ఎదురు వేషం కట్టే ఇమ్మానియేలు, "వదినా, అంచు వైపు నేను నిలబడతా, మీరు భయపడకండి" అన్నాడు. శివరామకృష్ణగారు వేషం ఆమెకే ఉంచి, "నాతో ముందే అనకూడదా అమ్మా" అన్నారు. పోటీల రోజు వెంకటరావమ్మ ఒక్క అడుగూ తప్పలేదు. రెండో పద్యానికి హాలంతా లేచి నిలబడింది.

పోటీలు అయిన వారానికి ఫెబా ఆమెను గుంటూరు కంటి ఆసుపత్రికి తీసుకెళ్లింది. పోయిన చూపు రాదనీ, చుక్కలు మానకుండా వేసుకుంటే ఉన్నది నిలుస్తుందనీ డాక్టరు చెప్పారు. తిరుగు బస్సులో వెంకటరావమ్మ కిటికీ పక్కన కూర్చుని ఫెబా చెయ్యి తన ఒళ్లోకి తీసుకుంది.

"బయటేముందో చెప్పవే."

"పత్తి చేలమ్మా. ఏరడం అయిపోయింది, మోళ్లు పీకుతున్నారు."

"ఇంకా?"

ఫెబా చెబుతూ పోయింది, సత్తెనపల్లి వచ్చేదాకా.