ఎత్తిన చెయ్యి

పక్కింటివాళ్ళ దగ్గర్నుంచి ఆఫీసు గేటు కాపలావాడి దాకా అందరూ ఆయన్ని మైకు అనే పిలుస్తారు. రేడియోలో ఫుట్‌బాల్ ఆటలకు వ్యాఖ్యానం చెప్పడం ఆయన ఉద్యోగం. బంతి ఎవరి కాలి దగ్గరుందో కళ్ళకు కట్టినట్టు చెప్పి, ఇంట్లో పడక్కుర్చీలో ఉన్నవాడి చేత కూడా ఈల వేయించగలడు. రేడియోలో మౌనం పనికిరాదు. కాసేపు నోరు మూస్తే, వినేవాడు రేడియో పాడైందనుకుని దాని నెత్తిన ఒక్కటిస్తాడు. ఆ అలవాటు ఇంటికీ వచ్చేసింది. పొయ్యి మీద పాలు పొంగుతుంటే మంట ఆర్పడు మహానుభావుడు, పొంగుతున్నాయని చెబుతూ నిలబడతాడు.

అలాంటి మనిషికి రాసిపెట్టి ఉన్న భార్య బొమ్మల సినిమాలు గీసే మనిషి. అందులోనూ ఆవిడకు ఇష్టమైనవి మాటల్లేనివి. దేవుడికి వేళాకోళం ఎక్కువ.

సెలవు రోజు వస్తే చాలు, ఎక్కడెక్కడో బహుమతులు గెలిచిన పొట్టి సినిమాలు తెచ్చి గోడ మీద వేసేది. ఒకదాంట్లో ఒక ముసలాయన రెండు కప్పుల్లో టీ పోసి, ఒకటి ఎదురుగా ఖాళీ కుర్చీ ముందు పెడతాడు.

"అదిగో, భార్య పోయిందన్నమాట, పాపం," అన్నాడు మైకు.

"నాకూ కళ్ళున్నాయండీ. నన్ను కాస్త తెలుసుకోనివ్వరా?"

"చెబితే త్వరగా తెలుస్తుంది కదా."

"త్వరగా తెలియకూడదనే కదా వాళ్ళు మాటలు పెట్టలేదు. మాట లేకపోతే చూసేవాడు తన లోపల వెతుక్కుంటాడు. మీరు వెతకనివ్వరు, ముందే దొరకబుచ్చుకుని చేతిలో పెట్టేస్తారు."

మైకు నోటి మీద వేలు వేసుకునేవాడు. ఆ వేలు అక్కడ ఎంతసేపుంటుందో ఇద్దరికీ తెలుసు.

ఏళ్ళ తరబడి స్టూడియోలో ఇతరుల బొమ్మలకు రంగులు వేశాక, ఆవిడ తన సొంత సినిమా మొదలుపెట్టింది. పెద్ద కథేం కాదు. కూతురు అలిగి గది తలుపేసుకుంది. తల్లి ఇల్లు ఊడుస్తుంది, బట్టలు దులిపి మడతపెడుతుంది, చేసే పనేమీ మిగలక చివరికి ఆ తలుపు దగ్గరికి వస్తుంది. తట్టడానికి చెయ్యెత్తుతుంది. ఆ చెయ్యి గాల్లో అలాగే ఉండిపోతుంది. తర్వాత దించేసి వెళ్ళిపోతుంది.

"తట్టదా?" అన్నాడు మైకు.

"తట్టదు."

"మరి ఇందులో సినిమా ఏముందే?"

"చెయ్యెత్తి నిలబడ్డంతసేపే సినిమా. మిగతాదంతా అక్కడికి వెళ్ళే దారి."

ఆ తల్లి ఎవరో ఆయనకు తెలుసు. పెళ్ళికి ముందు ఒకసారి, బొమ్మలు గీసుకుంటూ బతుకుతావా అని తల్లి కసిరితే ఆవిడ తలుపేసుకుంది. కాసేపటికి తలుపు కింద సందులో తల్లి పాదాల నీడ కనపడింది. చాలాసేపు కనపడి, వెళ్ళిపోయింది. ఇవతల ఈవిడ తలుపు తియ్యలేదు, అవతల ఆవిడ తట్టలేదు. తల్లి కన్నుమూసేదాకా ఇద్దరూ ఆ మాట ఎత్తలేదు. ఆ రోజు తలుపు అవతల తల్లి ఎలా నిలబడి ఉంటుందో గీసి చూసుకోవాలని ఆవిడ పంతం.

సినిమా సగంలో ఉండగా కళ్ళు మసకబారాయి. కంటి నరం ఎండిపోతోందని, దానికి మందు లేదని డాక్టరు చెప్పాడు. మైకు ఎక్కని ఆసుపత్రి మెట్టు లేదు, అందరిదీ అదే మాట. ఆవిడ ఏడుస్తూ కూర్చోలేదు. కింద దీపం వెలిగే అద్దపు బల్ల మీద కాగితం పరిచి, భూతద్దం పట్టుకుని, ముక్కు కాగితానికి ఆనేంత వంగి గీసింది. ఆఖరి కట్ట పూర్తిచేసి పెన్సిలు పక్కన పెట్టేనాటికి ఆవిడకు వెలుగూ చీకటీ తప్ప ఇంకేమీ తెలియడం లేదు.

మిగతా పని తమ్ముడికి అప్పజెప్పింది. అదే స్టూడియోలో ఎడిటింగ్ చేసేవాడు. అక్కంటే ప్రాణం పెడతాడు. తన పనంతా అయ్యాక రాత్రుళ్ళు కూర్చుని బొమ్మల్ని స్కాన్ చేసి వరసగా పేర్చాడు. ఒకరోజు బావను స్టూడియో మెట్ల దగ్గరికి తీసుకెళ్ళి గొంతు తగ్గించాడు.

"బావా, అక్కతో అనకు. ఆఖర్లో పాపం కనపడక, ఒకే బొమ్మని మళ్ళీ మళ్ళీ గీసేసింది. కట్టకి కట్ట అదే చెయ్యి. ఒకటుంచి మిగతావి తీసేశాను."

"అయ్యో," అన్నాడు మైకు. "తెలిస్తే కుమిలిపోతుందిరా. మంచి పని చేశావు."

నోట్లో నువ్వుగింజ నానని మనిషి, జన్మలో ఆ ఒక్క రహస్యాన్నే భద్రంగా దాచాడు. అదేదో ఎప్పటిలా వాగేసి ఉంటే ఎంత బాగుండేది.

ఇంకా శబ్దాలు చేర్చకముందే తమ్ముడు సినిమాను ఇంటికి తెచ్చి గోడ మీద వేశాడు. ఆవిడ కుర్చీలో ముందుకు వంగి కూర్చుంది. ఇప్పుడు మాత్రం మొగుడి నోరే ఆవిడకు దిక్కు. మైకు రెచ్చిపోయాడు.

"తల్లి వస్తోంది, వచ్చేసింది, తలుపు ముందుంది. చెయ్యెత్తుతోంది. ఎత్తింది. తడుతుందా, తట్టదా, తడుతుందా... తట్టలేదు. దించేసింది."

"చెయ్యి ఆగిందా?" అందావిడ.

"ఆగకేం? బ్రహ్మాండంగా ఆగింది."

ఆయన కావాలని అబద్ధం చెప్పలేదు. తన మాటలు సాగినంతసేపూ చెయ్యి గాల్లోనే ఉన్నట్టు ఆయనకు తోచింది. ఆవిడ కుర్చీలో వెనక్కి వాలి, శబ్దాలు చేర్చి ఇక పంపించెయ్యరా అంది తమ్ముడితో.

సినిమా పోటీకి వెళ్ళింది. బహుమతి వచ్చింది. ఫోన్లో ఆ వార్త విన్న రోజు సాయంత్రం ఆవిడ మొహం చూసి తీరాలి, పెళ్ళినాడు కూడా అంత కళ లేదు. టీ కప్పు రెండు చేతుల్లో పట్టుకుని, ఎన్నడూ లేనిది తన పని గురించి తనే చెప్పుకొచ్చింది.

"ఒక్క బొమ్మనే నిలిపి ఉంచితే ఫోటోలాగా చచ్చి పడుంటుందండీ. మనిషి కదలకుండా నిలబడ్డా ఊపిరి ఆడుతుంది కదా. అందుకే ఆ చేతిని మళ్ళీ మళ్ళీ గీశాను, ప్రతి బొమ్మకీ వెంట్రుకవాసి తేడాతో. ఉన్న కాస్త చూపూ ఆ కట్టకే ఖర్చయిపోయింది. పోతే పోయింది లెండి, అది మిగిలింది."

మైకు చటుక్కున లేచాడు. ఇప్పుడే వస్తానని చెప్పి, చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా స్టూడియోకు పరిగెత్తాడు.

విన్న తమ్ముడి మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఆ కాగితాలేవిరా?"

"తీసేసినవి కదా అని స్కాన్ కూడా చెయ్యలేదు బావా. చిత్తు కాగితాల్లో పోయాయి."

"ఆ ఒక్క బొమ్మనే కాసేపు ఆపి ఉంచలేవా?"

"ఉంచితే అక్క చెప్పినట్టే ఉంటుంది, ఫోటోలాగా. అయినా గెలిచిన సినిమాని ఇప్పుడు ముట్టుకోనివ్వరు."

"పోనీ తనతో చెప్పేద్దామా?"

"చెప్పి? మళ్ళీ గియ్యమందామా?"

ఇద్దరూ ఆ మెట్ల మీదే కూలబడ్డారు. తిడదామంటే ఎవర్ని తిడతారు? వాడు అక్క మీద జాలితో తీసేశాడు, ఈయన పెళ్ళాం మీద జాలితో దాచాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టని అంటారు, వీళ్ళకు పట్టుకోవడానికి ఆకులు కూడా దొరకలేదు. ఇంటికి వచ్చాక మైకుకు అన్నం సహించలేదు. ఏమైందని ఆవిడ అడిగితే గొంతు బాగాలేదన్నాడు.

బహుమతి ఇచ్చేముందు గెలిచిన సినిమాలన్నీ పెద్ద హాల్లో వేస్తారట. ముందు వరసలో కూర్చున్నాక ఆవిడ మైకు చేతిని వెతికి పట్టుకుంది.

"ఇక్కడ మీరు మాట్లాడకూడదు. ఒక పని చెయ్యండి. అమ్మ చెయ్యెత్తగానే నా చెయ్యి గట్టిగా నొక్కండి. దించగానే వదిలెయ్యండి. మధ్యలో ఎంతసేపుందో నాకు తెలుస్తుంది."

మైకు నెత్తిన పాలు పోసినట్టయింది. తెర మీద లేకపోతేనేం, తన చేత్తో ఇస్తాడు. ఎంతసేపు కావాలంటే అంతసేపు నొక్కి ఉంచుతాడు. మోసమే, కాదని ఎవరన్నారు. ఇంతకు మించి ఆ మనిషి చేతిలో ఏముంది?

దీపాలు ఆరాయి. చీపురు నేల మీద గీరుకుంటున్న చప్పుడు హాలంతా వినిపించింది. మైకు ఉలిక్కిపడ్డాడు. ఇంట్లో చూసినప్పుడు లేని శబ్దాలు ఒక్కొక్కటే వస్తున్నాయి. దులుపుతున్న బట్టల చప్పుడు, తల్లి చెప్పుల చప్పుడు. ప్రతి చప్పుడుకూ ఆవిడ తల చిన్నగా ఊపుతోంది. మాట్లాడడానికి వీల్లేక, మైకు జీవితంలో మొదటిసారి ఒక సినిమాను చూస్తున్నాడు. ఆ తల్లి నడుము పట్టుకుని లేవడం, తలుపు వంక చూసి చూడనట్టు పక్కకు తిరగడం, ఇవేవీ ఆయన ఇంట్లో చూడనే లేదు. ఇంత మంచి సినిమానా, అనుకున్నాడు.

చెప్పులు తలుపు దగ్గరికి వచ్చి ఆగాయి. తల్లి చెయ్యెత్తింది. మైకు భార్య చేతిని గట్టిగా నొక్కాడు.

రెప్ప వేసేలోపు తెర మీది చెయ్యి దిగిపోయింది. మైకు మాత్రం వదల్లేదు. అనుకున్నట్టే అలాగే నొక్కి పట్టుకుని కూర్చున్నాడు. ఇంతలో చెప్పులు మళ్ళీ కదిలాయి. ఒక్కో అడుగే, నేలకు ఈడుస్తూ, దూరం వెళ్తున్నాయి.

ఆవిడ మొహం ఆయన వైపు తిప్పింది.

"ఏవండీ," అంది మెల్లగా, "చెప్పులు వెళ్ళిపోతున్నాయి."

మైకు ఇంకా గట్టిగా నొక్కాడు.

"అమ్మ వెళ్ళిపోతోంది కదా. మీరింకా నొక్కే ఉంచారేంటి?"

చెప్పుల చప్పుడు పూర్తిగా ఆగిపోయింది. దీపాలు వెలిగాయి. జనం కుర్చీల్లోంచి లేచి చప్పట్లు మొదలుపెట్టారు. అక్కను వేదిక మీదికి తీసుకెళ్ళడానికి వచ్చిన తమ్ముడు, దగ్గరిదాకా వచ్చి తల దించుకుని నిలబడిపోయాడు.

"వదలండి," అందావిడ. గొంతులో కోపం లేదు. "చప్పట్లు కొడుతున్నారు, నేను లేవాలి."

మైకు వదల్లేదు. వదిలితే ఆ చెయ్యి దిగిపోయినట్టే. హాలంతా లేచి నిలబడింది, వాళ్ళిద్దరే కూర్చుని ఉన్నారు.