ఇరవై రెండు సెకన్లు

విన్సెంట్ చనిపోయిన సంగతి అబిగేలుకు పోర్ట్‌బ్లెయిర్ ఫీనిక్స్ బే జెట్టీలో, టిక్కెట్ కౌంటర్ వెనక కూర్చుని ఉండగా తెలిసింది. రంగత్ వెళ్లే బోటుకు టిక్కెట్లు ఇస్తోంది. వరుస గేటు దాకా ఉంది. ఢిల్లీ నంబరు మూడుసార్లు మోగి ఆగిపోయాక నాలుగోసారి ఫోనెత్తింది. అవతలి మనిషి హిందీలో ఎంతో మర్యాదగా మాట్లాడాడు. మీ తమ్ముడు పనిచేస్తున్న రాయబార కార్యాలయంలో జనరేటర్ గదికి నిప్పంటుకుందనీ, ముగ్గురు పోయారనీ, వాళ్లలో విన్సెంట్ ఒకడనీ చెప్పాడు. అబిగేలు చేతిలో ఉన్న టిక్కెట్టును కిటికీలోంచి అవతలికి అందించింది. తర్వాత లేచి వెనక గదిలోకి వెళ్లి నేలమీద కూర్చుండిపోయింది.

విన్సెంట్ ఆమెకన్నా నాలుగేళ్లు చిన్న. పోర్ట్‌బ్లెయిర్‌లో చదువుకుని, స్టాఫ్ సెలక్షన్ పరీక్ష రాసి, విదేశాంగ శాఖలో గుమాస్తా ఉద్యోగం తెచ్చుకున్నాడు. రెండేళ్ల క్రితం ఎక్కడో ఎడారి అంచున ఉన్న చిన్న దేశానికి వేశారు. ఆ దేశం పేరు పలకడం వాళ్లమ్మ ప్రేమావతికి ఎప్పుడూ రాలేదు. "మావోడి ఊరు" అనేది. అక్కడ పాస్‌పోర్టు కౌంటర్‌లో కూర్చునేవాడు. నీదీ కౌంటరే, నాదీ కౌంటరే, నీ బోట్లు తొందరగా వస్తాయి అంతే తేడా అని అక్కను ఆటపట్టించేవాడు.

శవపెట్టె విమానంలో వచ్చింది. తెరవొద్దన్నారు. వాళ్ల ఊరు తుష్నాబాద్‌లో తెలుగు చర్చి సంఘం వాళ్లంతా వచ్చి సమాధి కార్యక్రమం చేశారు. ప్రేమావతి పెట్టె మీద రెండు చేతులూ ఆనించి నిలబడింది తప్ప పెద్దగా ఏడవలేదు. నిప్పు ప్రమాదమంటే ఎవరి తప్పూ కాదనుకుంది పాపం.

సమాధి అయిన అయిదో రోజున ఏదో విదేశీ ఛానల్ వీడియో చూపించింది. పట్టపగలు, తుపాకులు పట్టుకున్న మనుషులు రాయబార కార్యాలయం గోడ దూకుతున్నారు. ఆ సాయంత్రానికే ఢిల్లీ మాట మార్చింది. అది ప్రమాదం కాదు, దాడి అంది. తొలి సమాచారం అసంపూర్తిగా ఉండడం వల్ల అలా చెప్పామంది. దాడి జరగొచ్చన్న హెచ్చరిక మాత్రం ముందుగా ఏదీ లేదంది.

ఇక మొదలయ్యాయి వాదనలు. ప్రభుత్వం దేశానికి అబద్ధం చెప్పిందని ఒక పక్షం. శవాల మీద రాజకీయం చేస్తున్నారని ఇంకో పక్షం. టీవీలో, బస్సులో, జెట్టీ వరుసలో, చివరికి ఆరాధన అయ్యాక చర్చి మెట్ల మీద కూడా అదే. అబిగేలు ఇంట్లో అయితే రెండు పక్షాలూ ఒకే గదిలో కూర్చునేవి. ఆమె భర్త సుందర్‌రాజ్ బోటు ఇంజిన్ గదిలో పనిచేస్తూ, ప్రతిపక్ష పార్టీ తరఫున వార్డులో తిరిగేవాడు. ప్రేమావతి తమ్ముడు మణికుమార్ పాలక పక్షంలో బ్లాక్ నాయకుడు. ఇద్దరికీ విన్సెంట్ అంటే నిజంగానే ప్రేమ. ఒకరు బావమరిదని, ఒకరు మేనల్లుడని కళ్లు తుడుచుకునేవాళ్లే. టీవీ పెట్టగానే మాత్రం ఇద్దరికీ వాడు గుర్తుండేవాడు కాదు.

అబిగేలు ఫోన్‌లో ఒక వాయిస్ మెసేజ్ ఉంది. విన్సెంట్ చనిపోవడానికి నాలుగు రోజుల ముందు, శనివారం పంపినది. నిమిషన్నర ఉంటుంది. పెట్టె వచ్చిన తర్వాతి వారం, ఒక్కతీ మోయలేక, దాన్ని భర్తకు వినిపించింది. సుందర్‌రాజ్ రెండుసార్లు విన్నాడు. హెచ్చరిక లేదంటున్నవాళ్ల మొహాన ఇది కొట్టాలన్నాడు. వద్దంది అబిగేలు. అమ్మ తట్టుకోలేదంది. ఒట్టు కూడా వేయించుకుంది. అతను ఒట్టు వేశాడు. మర్నాడు ఆమె స్నానానికి వెళ్లినప్పుడు దాన్ని తన ఫోన్‌కు పంపుకుని పార్టీవాళ్లకు అందించాడు.

రెండు రోజుల్లో అది దేశమంతా పాకింది. మొత్తం కాదు, ఇరవై రెండు సెకన్ల ముక్క.

"ఎక్స్‌ట్రా గార్డులు కావాలని ఢిల్లీకి రాసి రెండు వారాలయిందక్కా. జవాబ్ నహీ ఆయా. గేటు దగ్గర ఇద్దరే ఉన్నారు. రాత్రయితే అందరం ఒకే గదిలో పడుకుంటున్నాం."

కింద హిందీలో, ఇంగ్లీషులో అక్షరాలు వేశారు. పక్కన విన్సెంట్ ఫొటో, అబిగేలు పెళ్లిలో తీసిందే, కత్తిరించి పెట్టారు. ఆమె భర్తను నిలదీసింది. తను మంచికే చేశానన్నాడతను. విన్సెంట్‌కు న్యాయం జరగాలా వద్దా అన్నాడు. న్యాయం వద్దని ఆమె ఎలా అంటుంది?

రెండో పక్షం ఊరుకోలేదు. అది యంత్రంతో చేసిన గొంతని టీవీలో ఒక నిపుణుడు గీతలు చూపించి మరీ చెప్పాడు. ప్రేమావతి లేని సమయం చూసి మణికుమార్ ఇంటికి వచ్చాడు. సోఫాలో కూర్చుని, టీ తాగి, జేబులోంచి టైపు చేసిన కాగితం తీశాడు. ఆ గొంతు మా తమ్ముడిది కాదు అని హిందీలో ఉంది.

"ఇది వాడి గొంతే మావయ్యా," అంది అబిగేలు.

"నాకు తెలీదేటమ్మా? చిన్నప్పట్నుంచీ విన్నాను," అన్నాడు మణికుమార్ నెమ్మదిగా. "అయితే ఆ ముక్క ముందూ వెనకా ఏటుందో అదైనా ఇయ్యి. పూర్తిగా ఇయ్యి. తప్పు మాదైతే మాదే అంటాం."

ఇవ్వలేనంది. ఎందుకని అడిగాడు. ఆమె కాగితం మడిచి అతని చేతిలోనే పెట్టింది. ఆ రోజు నుంచి మణికుమార్ ఆ ఇంటి మెట్లెక్కలేదు. మేనకోడలు ప్రతిపక్షానికి అమ్ముడుపోయిందని నలుగురి దగ్గరా అన్నాడట.

దాడి అన్న సంగతి దాచలేకపోయినా, ఈ మెసేజ్ గొడవ ప్రేమావతి చెవిన పడకుండా అబిగేలు చాలా జాగ్రత్త పడింది. టీవీ కేబుల్ పాడైందంది. పొరుగింటి ఎరుకమ్మను పిలిచి, అమ్మ దగ్గర ఈ ఊసెత్తొద్దని బతిమాలింది. ప్రేమావతి చదవగలిగింది తెలుగు బైబిలు ఒక్కటే. ఢిల్లీ నుంచి వచ్చే ఇంగ్లీషు ఉత్తరాలన్నీ కూతురు చదివి చెప్పాల్సిందే. కాబట్టి ఆమెకు తెలిసిన లోకమంతా అబిగేలు చెప్పినంతే.

ఒక శుక్రవారం ఉదయం తల్లిని మోకాళ్ల డాక్టరుకు చూపించడానికి పోర్ట్‌బ్లెయిర్‌లో మిడిల్ పాయింట్‌కు తీసుకెళ్లింది. మందులు కొనుక్కుని రోడ్డు దాటబోతుంటే మైకు కట్టిన జీపు ఒకటి మలుపు తిరిగింది. ఎన్నికలు దగ్గరపడ్డాయి. ముందు డోలు చప్పుడు, తర్వాత ఒకాయన ఉపన్యాసం, ఆ తర్వాత విన్సెంట్.

"ఎక్స్‌ట్రా గార్డులు కావాలని ఢిల్లీకి రాసి..."

ప్రేమావతి రోడ్డు మధ్యలో ఆగిపోయింది. ఆటోవాడు హారన్ కొట్టాడు. ఆమె కదలలేదు. జీపు పక్కనుంచే వెళ్లింది, కొడుకు గొంతు చెవి పక్కనే వినిపించి, దుకాణాల అవతలికి పోయింది. అబిగేలు తల్లి భుజం పట్టుకుని పేవ్‌మెంటు మీదికి లాక్కొచ్చింది. తిడుతుందేమో, ఏడుస్తుందేమో, పడిపోతుందేమో అనుకుంది.

"తర్వాతేటన్నాడు?" అంది ప్రేమావతి.

"ఏటమ్మా?"

"ఒకే గదిలో పడుకుంటున్నాం అన్నాడు కదా. ఆ తర్వాతేటన్నాడు?"

"అంతేనమ్మా. అక్కడితో అయిపోయింది," అంది అబిగేలు.

బస్సులో తుష్నాబాద్ దాకా ప్రేమావతి కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది. అబిగేలు పక్క సీట్లో మందుల సంచి ఒళ్లో పెట్టుకుని, అయిపోయిందని తను ఆడిన అబద్ధాన్నే తలుచుకుంటూ కూర్చుంది.

మరో పది రోజులకు పార్లమెంటులో మంత్రి లేచి ప్రకటన చేశాడు. ఉద్యోగులను గాలికి వదిలేశామనడం అన్యాయమన్నాడు. దాడికి మూడు రోజుల ముందే కారు ఏర్పాటు చేశామనీ, కొంతమందిని సరిహద్దు దాటించామనీ, మరణించిన ఒక గుమాస్తాకు కూడా అందులో చోటిస్తే తనకు తానే వద్దన్నాడనీ చెప్పాడు. పేరు చెప్పలేదు. పోయిన ముగ్గురిలో గుమాస్తా ఒక్కడే.

ఎరుకమ్మ ఇంట్లో టీవీ బాగానే పనిచేస్తుంది. ప్రేమావతి ఆ మధ్యాహ్నం అక్కడ చింతపండు గింజలు తీస్తూ కూర్చుని ఉంది. ఆమెకు హిందీ రాయడం చదవడం రాదు గానీ, పుట్టి పెరిగింది ఈ దీవుల్లోనే, వింటే ప్రతి మాటా తెలుస్తుంది.

అబిగేలు డ్యూటీ దిగి ఇంటికి వచ్చేసరికి వరండాలో పదిమంది ఉన్నారు. సుందర్‌రాజ్ పార్టీవాళ్లు. ఎవరో విలేకరి కెమెరా పట్టుకుని ఉన్నాడు. సుందర్‌రాజ్ గడప దగ్గర నిలబడి మాట్లాడుతున్నాడు.

"మంత్రి చెప్పింది పచ్చి అబద్ధం," అంటున్నాడు. "కారూ లేదు, గీరూ లేదు. చనిపోయినవాడి మీదే తప్పు తోసీసినారు."

అబిగేలు గేటు పట్టుకుని అలాగే ఉండిపోయింది. అతను ఆ మెసేజ్‌ను రెండుసార్లు విన్నాడు. ఆమె పక్కనే కూర్చుని విన్నాడు. భార్యను చూశాడతను. మళ్లీ కెమెరా వైపు తిరిగి అదే మాట ఇంకొంచెం గట్టిగా అన్నాడు.

లోపల ప్రేమావతి మంచం మీద కూర్చుని ఉంది. కూతురిని చూసి తలుపు దగ్గరికి వెయ్యమంది.

"కారు ఉందా అబీ?"

అబిగేలు ఫోన్ తీసింది. మంచం మీద తల్లి పక్కన పెట్టి, మొదటి నుంచి నొక్కింది. వరండాలో నినాదాలు మొదలయ్యాయి. ప్రేమావతి వంగి ఫోన్‌ను చెవికి దగ్గరగా తెచ్చుకుంది. ఇరవై రెండు సెకన్లు అయిపోయాయి. విన్సెంట్ ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు.

"రేపు కారు వెళ్తోంది. సార్ నన్ను కూడా వెళ్లిపొమ్మన్నారు. మంచి మనిషి, తను ఆగి మమ్మల్ని పంపిస్తున్నారు. అయితే సీటు ఒకటే ఉందక్కా. ఇచ్ఛాపురం నుంచి ఇళ్లలో పనికి వచ్చిన అమ్మాయి ఉంది, చంటిపిల్లతో. పాస్‌పోర్టు వాళ్ల యజమాని లాక్కున్నాడు. నేనే కాగితాలు చేశాను. నా సీటు ఆమెకి ఇచ్చీసాను. గురువారం ఇంకో కారుంది, అందులో వచ్చీస్తాను. అమ్మకి చెప్పకు. ఖామఖా కంగారు పడుద్ది. వచ్చాక నేనే చెప్తాను."

బుధవారం దాడి జరిగింది.

బయట వాళ్లు ప్రభుత్వం దిగిపోవాలని అరుస్తున్నారు. ప్రేమావతి అప్పుడడిగిన ప్రశ్నకే అబిగేలు నెలన్నరగా భయపడుతూనే ఉంది.

"ఇది నీకు శనివారం వచ్చింది కదా. ఫోన్ చేసి, సీటు ఎవరికీ ఇయ్యొద్దు, నువ్వు ఎక్కీమని అన్లేదేటి?"

అనలేదు. ఆ శనివారం సముద్రం బాగాలేక రెండు బోట్లు రద్దయ్యాయి. కౌంటర్ దగ్గర జనం కిటికీ ఊపేస్తున్నారు. మెసేజ్‌ను సాయంత్రం బస్సులో, సగం నిద్రలో వింది. 'సరే. జాగ్రత్త' అని రెండు మాటలు కొట్టి పంపింది. గురువారం వస్తాడు కదా అనుకుంది. ఫోన్ చెయ్యాలన్న ఆలోచనే రాలేదు. ఆ రెండు మాటలూ ఇప్పటికీ మెసేజ్ కింద ఉన్నాయి. వాటినే ఆమె ఎవరికీ చూపించలేకపోయింది.

"అన్లేదమ్మా," అంది.

ప్రేమావతి తల ఊపింది. కోప్పడలేదు. కోప్పడి ఉంటే అబిగేలు ఆమె కాళ్ల మీద పడి ఏడ్చేది. తల్లి మాత్రం ఫోన్‌ను జాగ్రత్తగా ఆమె చేతికిచ్చి, గోడవైపు తిరిగి పడుకుంది.

మర్నాడు అబిగేలు మెసేజ్‌ను పూర్తిగా, తన జవాబుతో సహా, మణికుమార్‌కు పంపింది. సుందర్‌రాజ్ పార్టీ ఆఫీసుకు పంపింది. కెమెరా పట్టుకొచ్చిన విలేకరికి పంపింది. దాడిపై ప్రభుత్వం వేసిన విచారణ సంఘానికి ఉత్తరం కూడా రాసింది. గార్డులు అడిగినా హెచ్చరికే లేదని ఢిల్లీ అబద్ధమాడింది, కారు సంగతిలో మంత్రి నిజం చెప్పాడు, రెండూ ఇందులో ఉన్నాయి, మా తమ్ముణ్ణి ఎవరూ సగం సగం చెయ్యకండి అని రాసింది.

సాయంత్రానికి మణికుమార్ పక్షంవాళ్లు కారు ముక్కను మాత్రం కోసి వదిలారు. నిన్నటిదాకా అది యంత్రం గొంతన్నవాళ్లే, ఇప్పుడు అమరుడి మాటలు వినండన్నారు. సుందర్‌రాజ్ పక్షంవాళ్లు ఆ ముక్క నకిలీదన్నారు. విలేకరికి ఫోన్ చేస్తే, నిమిషన్నర ఎవరూ వినరు దీదీ అన్నాడు. విచారణ సంఘం నుంచి మీ ఉత్తరం అందింది అని ఒక నంబరు వచ్చింది. అంతే. సుందర్‌రాజ్ రెండు రోజులు ఇంట్లో ఎవరి మొహమూ చూడకుండా తిరిగి, మూడో రోజు బోటెక్కి డిగ్లీపూర్ వైపు డ్యూటీకి వెళ్లిపోయాడు.

ప్రేమావతి దేనిగురించీ అడగలేదు, వారం దాకా. వారం తర్వాత ఒక ఉదయం అబిగేలు బస్సుకు బయలుదేరుతుంటే గుమ్మం దాకా వచ్చింది.

"ఆ ఇచ్ఛాపురం పిల్ల ఇంటికి చేరిందేటి?" అంది. "చంటిదాన్ని ఎత్తుకుని ఎడారి దాటాలి కదా. చేరిందో లేదో కనుక్కో."

అబిగేలు కౌంటర్‌లో కూర్చునే ఢిల్లీలో విదేశాంగ శాఖకు ఫోన్ చేసింది. నలుగురి చేతులు మారాక ఒకామె దొరికింది. ఆ కారులో వెళ్లినవాళ్ల వివరాలు విచారణలో భాగమనీ, విచారణ ముగిసేదాకా ఎవరికీ చెప్పకూడదనీ అంది. పేరు కూడా వద్దు, చేరిందా లేదా అది ఒక్కటి చెప్పండి చాలని అబిగేలు అడిగింది. అదే వివరం మేడమ్ అందామె. విచారణ ఎప్పుడు ముగుస్తుందంటే పార్లమెంటులో గొడవ సద్దుమణగాలంది. ఇచ్ఛాపురంలో చుట్టాలున్నవాళ్లను ఒకరిద్దరిని అడిగింది. పేరు తెలియకుండా ఎవరిని వెతుకుతామన్నారు వాళ్లు.

టీవీలో ఇప్పటికీ వాదించుకుంటున్నారు. ప్రేమావతి అది వినదు. అబిగేలు బస్సు దిగి సందులోకి తిరిగేసరికి గేటు దగ్గర నిలబడి ఉంటుంది.

"తెలిసిందేటి?"

"ఇంకా లేదమ్మా."

"సరే, రేపు అడుగు," అని లోపలికి వెళ్లి పొయ్యి మీద టీ నీళ్లు పెడుతుంది.